క్లాసులు అయిపోయాక అక్కడ ఏముంటుంది? ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి, తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు,



నేను ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మా దగ్గర చదివే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కబోయే మొదటి తరం. ఏటా ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చి, వెబ్ ఆప్షన్లకు గడువు దగ్గరపడే రోజుల్లో తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని మా స్టాఫ్‌రూమ్‌కి వస్తారు. అప్పటికే వడపోత చాలావరకు అయిపోయి ఉంటుంది. చేతిలో రెండు పేర్లు మిగులుతాయి. వీటిలో ఏది పైన పెట్టమంటారు అని అడుగుతారు. ఆ ప్రశ్నకు బాధ్యతగా జవాబు చెప్పాలంటే కావలసిన సమాచారం మీ పోర్టళ్లలో సగమే ఉంది. లేని ఆ సగం గురించే ఈ లేఖ.

మొన్నటి ప్రవేశాలప్పుడు ఒక అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. ఆయన మిర్చి రైతు. ఒక వైపు రాష్ట్ర విశ్వవిద్యాలయపు సొంత ఇంజినీరింగ్ కళాశాల. ఫీజు తక్కువ, హాస్టల్ ఉంది, గదులు పాతవి. ఇంకో వైపు ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో కన్వీనర్ కోటా సీటు. భవనాలు కొత్తవి, పేరు ఉంది, మేనమామ ఇంట్లో ఉండి రోజూ కాలేజీ బస్సులో వెళ్లి రావచ్చు. రెండు చోట్లా కోరుకున్న బ్రాంచే వచ్చేలా ఉంది. తండ్రి అడిగిన మొదటి మాట, "ప్యాకేజీ ఎక్కడ ఎక్కువొస్తుందండీ?" అది ఆయన అడగవలసిన ప్రశ్నే. పంట మీద అప్పు ఉన్న ఇంట్లో బిడ్డ చదువు గురించి మొదట వచ్చే ప్రశ్న అదే. ఆయన ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. "మేడమ్, క్లాసులు అయిపోయాక అక్కడ ఏం చేస్తారు? ఆడపిల్లలు సాయంత్రం లైబ్రరీలో కూర్చోవచ్చా? నాలాంటి వాళ్లు ఎవరైనా ఉంటారా?"

ఇద్దరం కలిసి వెతికాం. కౌన్సెలింగ్ పోర్టల్‌లో కాలేజీ కోడ్ ఉంది, బ్రాంచ్ కోడ్ ఉంది, ఫీజు ఉంది, కిందటేడు ఏ కేటగిరీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో ఉంది. సంస్థల సొంత వెబ్‌సైట్లలో డ్రోన్‌తో తీసిన భవనాల వీడియోలు, అత్యధిక ప్యాకేజీ తెచ్చుకున్న నలుగురి ఫొటోలు ఉన్నాయి. ఆ అమ్మాయి అడిగిన మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఎక్కడా జవాబు దొరకలేదు. ఆ సాయంత్రమే నెట్ సెంటర్‌లో ఆప్షన్లు పెట్టేశారు. తండ్రి కాగితం మీది కోడ్‌లు చదువుతుంటే ఆపరేటర్ కుర్రాడు టకటకా కొట్టేశాడు. నాలుగేళ్ల జీవితం అలా ఖరారైపోయింది.

ఇది చిన్న విషయమని ఎవరికైనా అనిపిస్తే, మన పిల్లలు ఎలాంటి రెండేళ్లు గడిపి ఆ గడపలోకి అడుగుపెడుతున్నారో ఒకసారి చూడమని కోరుతున్నాను. మా కళాశాల పిల్లలు సాయంత్రానికి ఇల్లు చేరతారు. కానీ మన రెండు రాష్ట్రాల్లో లక్షలాది పిల్లలకు ఇంటర్ అంటే రెసిడెన్షియల్ క్యాంపస్. ఆటస్థలం లేని బహుళ అంతస్తుల భవనం, తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, ఆదివారం టెస్టు, సోమవారం మార్కులు. మార్కులను బట్టి సెక్షన్ మారుతుంది. సెక్షన్‌తో పాటు పక్కన కూర్చునే స్నేహితుడూ మారిపోతాడు. అలా రెండేళ్లు గడిపిన పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండేసరికి కెమిస్ట్రీ వస్తుంది, గణితం వస్తుంది. పదిమందిలో నిలబడి మాట్లాడటం, గొడవపడ్డ రూమ్‌మేట్‌తో రాజీ పడటం, తన గ్రూపు కాని వాడితో కలిసి ఒక పని పూర్తిచేయడం మాత్రం రావు. నేర్చుకునే వీలే వాళ్లకు ఇవ్వలేదు. అది దొరికే తర్వాతి చోటు యూనివర్సిటీ. అక్కడా దొరక్కపోతే ఇక ఉద్యోగంలోనే నేర్చుకోవాలి. అక్కడ తప్పుల్ని ఓపిగ్గా దిద్దేవాళ్లు ఉండరు.

విద్యార్థుల మానసిక ఆరోగ్యం ఎంత పెద్ద విషయమో మన నేల మీదే చూశాం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసుతోనే ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త ఒకరైనా ఉండాలని ఆదేశించింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రతి మరణానికీ దాని కారణాలు దానికి ఉంటాయి. అన్నిటినీ ఒంటరితనం ఖాతాలో వేయలేం. అయితే ఒక పిల్లవాడు కుంగిపోతున్నాడని అందరికంటే ముందు పసిగట్టేది పక్క మంచం మీద పడుకునే స్నేహితుడే. కౌన్సెలర్ గది దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదీ అతనే. అలాంటి స్నేహితుడు దొరికే వాతావరణం ఉందా లేదా అన్నది కాలేజీని ఎంచుకునేటప్పుడు అడిగి తీరవలసిన ప్రశ్న.

క్యాంపస్ జీవితం అనగానే చాలామంది పెద్దల మనసులో ఏటా రెండు రోజులు జరిగే ఫెస్టు, డీజే హోరు, సినిమా నటుల రాక మెదులుతాయి. నేను అడుగుతున్నది ఆ రెండు రోజుల గురించి కాదు, మామూలు మంగళవారం సాయంత్రం గురించి. క్లాసు అయ్యాక కూర్చోవడానికి చోటుందా? ల్యాబ్‌లో ఆగిపోయిన ప్రాజెక్టును రాత్రి ఎనిమిదింటికి కూడా పూర్తి చేసుకోనిస్తారా? క్యాంటీన్ బల్ల దగ్గర సీనియర్లు జూనియర్లతో మాట్లాడతారా? గ్రౌండ్‌లో వాలీబాల్ నెట్ కట్టి ఉందా? నాటకమో, రాకెట్ నమూనానో, గోడపత్రికో ఏదైనా పిల్లలు సొంతంగా మొదలుపెట్టి నడుపుతున్నారా? అధ్యాపకులు ఐదు తర్వాత కనబడతారా? వీటన్నిటినీ కలిపి నేను క్యాంపస్ జీవితం అంటున్నాను.

ఇది పడమటి దేశాల నుంచి తెచ్చుకున్న కోరిక అనుకోనక్కర్లేదు. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి సహాధ్యాయులు. బడిలో కలిసిన ఆ స్నేహం జీవితమంతా నిలిచింది. వాడుక భాష కోసం పోరాడిన రోజుల్లో ఒకరికి ఒకరు తోడుగా నిలబడ్డారు. ఈ రోజు నేను ఈ లేఖను ఇలా మామూలు తెలుగులో రాయగలుగుతున్నానంటే దాని వెనక ఆ ఇద్దరి స్నేహం ఉంది. ఏ సిలబస్‌లోనూ లేని ఫలితం అది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. దాని పేరు ఒక కాలంలో ఆంధ్రదేశమంతటా వినబడటానికి నాటకం కూడా ఒక కారణం. రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి అంతర్ కళాశాల నాటక పోటీలను పెంచి పోషించారు. గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావు కవి, నాటక ప్రేమికుడు. ఫైళ్లు చూసే అధికారి, పుస్తకాలు చూసే అధికారి ఇద్దరూ విద్యార్థుల సాయంత్రాలను తమ బాధ్యతగా తీసుకున్నారు. ఆ పోటీల కోసం ఎన్నో ఊళ్ల కాలేజీల పిల్లలు విశాఖ రైలెక్కారు. ఒక విశ్వవిద్యాలయం మనసు పెడితే ఏం చేయగలదో చూపించిన ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరుగుతాయి, అక్కడి 'సుకూన్' పండుగను ఆ సంఘమే నిర్వహిస్తుంది. అంటే ఇది ఇవాళ కూడా సాధ్యమే.

పరిశోధనలు చెబుతున్నదీ దీనికి దూరంగా లేదు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో మొదటి ఏడాది విద్యార్థులకు రూమ్‌మేట్లను లాటరీ పద్ధతిలో కేటాయించేవారు. దాన్ని ఆధారం చేసుకుని ఆర్థికవేత్త బ్రూస్ సాసెర్డోట్ 2001లో ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. గదిలో ఎవరు కలిశారన్నదాన్ని బట్టి మార్కుల మీద ప్రభావం ఉందని, ఏ విద్యార్థి బృందంలో చేరతారన్న నిర్ణయం మీద కూడా ఉందని తేలింది. 2014లో గాలప్, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి ముప్పై వేల మందికి పైగా పట్టభద్రులను ప్రశ్నించాయి. తనను మనిషిగా పట్టించుకున్న అధ్యాపకుడు, చదువు మీద ఉత్సాహం పుట్టించిన అధ్యాపకుడు, కలల వైపు ముందుకు నెట్టిన పెద్దదిక్కు, ఈ మూడూ దొరికినవాళ్లు ఉద్యోగంలో మనసుపెట్టి పనిచేసే అవకాశం రెట్టింపుకు మించి ఉందని ఆ సర్వే చెప్పింది. కానీ ఆ మూడూ దొరికాయన్నవాళ్లు నూటికి 14 మందే. చదివింది పేరున్న సంస్థా, మామూలు సంస్థా అన్నదానికంటే అక్కడ దొరికిన మనుషులే ఎక్కువ ప్రభావం చూపారు. ప్యాకేజీ గురించి అడిగే తండ్రికి కూడా ఇది పనికొచ్చే సమాచారమే.

ఇక మన దగ్గరి వాస్తవం. నగర శివార్లలోని ఒక కళాశాలలో నేను చూసిన సాయంత్రం గురించి చెబుతాను. నాలుగు గంటల పది నిమిషాలకు బెల్ మోగింది. గేటు లోపల పసుపు రంగు బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి, అద్దాల మీద రూట్ నంబర్లు. కిటికీ పక్క సీటు కోసం పిల్లలు బ్యాగులతో పరిగెత్తారు. ఇరవై నిమిషాల్లో ఆ ప్రాంగణం ఖాళీ అయిపోయింది. క్యాంటీన్‌లో నూనె మూకుడు దించేశారు. లైబ్రరీ అటెండర్ ఒక్కో స్విచ్ ఆపుకుంటూ వచ్చాడు. మంచి సిమెంటు కోర్టు, కొత్త బాస్కెట్‌బాల్ బోర్డులు ఉన్నాయి, ఆడేవాళ్లు లేరు. బస్సుల్లో వెళ్లిన పిల్లల్లో కొందరు ఇల్లు చేరేసరికి గంటన్నర పడుతుంది. పొద్దున మళ్లీ గంటన్నర. అలాంటి చోట క్లబ్బుల జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా, పిల్లలు కలుసుకునే గంట ఏది? టైమ్‌టేబుల్‌లో యాక్టివిటీ అవర్ అని రాసి ఉంటుంది. సిలబస్ వెనకబడిందని ఆ గంట కూడా క్లాసుకే పోతుంది.

ఆడపిల్లల విషయం ఇంకా కష్టం. ఒకే క్యాంపస్‌లో అబ్బాయిల హాస్టల్‌కు ఒక వేళ, అమ్మాయిల హాస్టల్‌కు అంతకంటే చాలా ముందు ఇంకో వేళ. లైబ్రరీ రాత్రి దాకా తెరిచి ఉన్నా అమ్మాయిలు చీకటిపడేలోపు హాస్టల్ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ప్రాజెక్టు టీమ్‌లో అబ్బాయిలు రాత్రి ల్యాబ్‌లో పని పూర్తి చేసుకుంటే అమ్మాయిలకు నివేదిక టైపు చేసే పని మిగులుతుంది. తల్లిదండ్రులకు భద్రత కావాలి, నిజమే. భద్రత అంటే దారిలో వెలుగు, కాపలా మనిషి, లైబ్రరీ నుంచి హాస్టల్‌కు వ్యాను, ఫిర్యాదు చేస్తే స్పందించే కమిటీ. ఇవి ఉన్న సంస్థకూ, తలుపుకు తాళం వేసి భద్రత అని చెప్పే సంస్థకూ తేడా తెలిసే వీలు తల్లిదండ్రులకు ఉండాలి.

మా పిల్లలకు సంబంధించి మరో మాట. తెలుగు మీడియంలో చదివి వచ్చిన అబ్బాయి మొదటి సెమిస్టర్‌లో నోరు విప్పడు. పల్లె నుంచి వచ్చిన దళిత, గిరిజన విద్యార్థికి తన బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో, ఎవరు లేచి వెళ్తారో వెంటనే అర్థమవుతుంది. కులాల వారీగా, ప్రాంతాల వారీగా వాట్సాప్ గ్రూపులు మొదటి వారంలోనే పుట్టుకొస్తాయి. మంచి క్యాంపస్ ఆ గోడల్ని పలచబరుస్తుంది. ఒకే మెస్, కలిపి కేటాయించిన గదులు, ఎన్ఎస్ఎస్ శిబిరం, జట్టుగా ఆడే ఆట, భాష రాని వాడికి స్టేజీ మీద మొదటి అవకాశం ఇచ్చే సాహిత్య సంఘం, ఇవన్నీ ఆ పని చేస్తాయి. 1969లో గాంధీజీ శతజయంతి ఏడాది 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) ఉద్దేశాల్లో ఇదీ ఒకటి. చాలాచోట్ల దాన్ని సర్టిఫికెట్ కోసం ఫొటో దిగే కార్యక్రమంగా మార్చేశారు. ఎక్కడ అది బతికి ఉందో చెప్పగలిగేది అక్కడి విద్యార్థులే.

కొందరు తల్లిదండ్రులు నాతో గట్టిగా వాదిస్తారు. చదువుకోవడానికి పంపుతున్నాం, తిరగడానికి కాదు అంటారు. గంజాయి భయం, ర్యాగింగ్ భయం, చెడు సావాసాల భయం చెబుతారు. ఈ భయాలను నేను తేలిగ్గా తీసుకోను. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది, 2009లో యూజీసీ నిబంధనలు తెచ్చింది, 1800-180-5522 నంబరుతో హెల్ప్‌లైన్ ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన భయం పోదు. అయితే చెడు సావాసం ఖాళీ సాయంత్రాల్లోనే ఎక్కువగా అంటుకుంటుందని ఇన్నేళ్లుగా పిల్లల మధ్య ఉన్న మనిషిగా చెప్పగలను. చేయడానికి మంచి పని, కనిపెట్టి ఉండే సీనియర్లు, పేరుపెట్టి పిలిచే అధ్యాపకుడు ఉన్నచోట పిల్లలు దారి తప్పడం తక్కువ, తప్పినా త్వరగా తెలుస్తుంది. అన్నిటికీ తాళాలు వేసిన చోట ఏం జరుగుతుందో అది ముదిరాకే బయటపడుతుంది.

సరదా చూసుకుని సంస్థను ఎంచుకోమని నేను ఎవరికీ చెప్పను. మా పిల్లలకు నేను చెప్పే వరస ఇది. మొదట గుర్తింపు, అధ్యాపకులు, కోరుకున్న బ్రాంచ్ చూడండి. తర్వాత ఫీజు, ఇంటి మీద పడే అప్పు చూడండి. ఈ పరీక్షల్లో నిలబడనిది ఎంత అందమైన క్యాంపస్ అయినా పక్కన పెట్టండి. ఇవన్నీ దాటి రెండు సంస్థలు దాదాపు సమానంగా నిలిచినప్పుడు, కిందటేటి కట్ఆఫ్‌లో కొన్ని వందల ర్యాంకుల తేడా చూసి తేల్చుకోకండి. అత్యధిక ప్యాకేజీ అంకె చూసి అసలు తేల్చుకోకండి. అత్యధిక ప్యాకేజీ ఒకరిద్దరికి వస్తుంది. ఒకే విద్యార్థికి వచ్చిన రెండు ఆఫర్లను రెండు ఉద్యోగాలుగా లెక్కవేసే సంస్థలూ ఉన్నాయి. నాలుగేళ్ల సాయంత్రాలు మాత్రం చేరిన ప్రతి ఒక్కరికీ వస్తాయి. అక్కడ తూకం వేయవలసింది వాటినే.

ఆ తూకానికి కావలసిన సమాచారం చాలావరకు ఇప్పటికే సేకరిస్తున్నారు. ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ ఇన్నాళ్లుగా అనుసరించిన ఏడు ప్రమాణాల్లో అయిదోది విద్యార్థులకు అండ, వారి పురోగతి గురించే. దానికోసం సంస్థలు ఆటలు, సాంస్కృతిక కార్యక్రమాలు, విద్యార్థి మండలుల వివరాలు పేజీలకు పేజీలు నింపి పంపుతూ వచ్చాయి. విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా న్యాక్ ప్రక్రియలో భాగంగా ఉంటూ వచ్చింది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ తన గుర్తింపు ఉన్న ప్రతి సంస్థ చేత తప్పనిసరి వివరాల ప్రకటన పెట్టిస్తుంది, మొదటి ఏడాది పిల్లలకు మూడు వారాల ఇండక్షన్ ఉండాలని చెప్పింది. ఇంత సమాచారం ఉన్నా పద్దెనిమిదేళ్ల అమ్మాయికి, ఆమె తండ్రికి అర్థమయ్యే రూపంలో, తెలుగులో, వెబ్ ఆప్షన్లు పెట్టే తెర మీద ఒక్క ముక్క కూడా లేదు. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల అయిదు కొలమానాల్లో బోధన, పరిశోధన, ఫలితాలు, అందరికీ చోటు, పేరు ప్రతిష్ఠ ఉన్నాయి. అక్కడ బతికే జీవితానికి విడిగా ఒక కొలత లేదు.

వేరే దేశాలు ఇలాంటి సమాచారాన్ని బయటపెట్టే పని చాలాకాలంగా చేస్తున్నాయి. బ్రిటన్‌లో 2005 నుంచి చివరి ఏడాది విద్యార్థుల అభిప్రాయాలను జాతీయ స్థాయిలో సేకరించి, సంస్థల వారీగా, కోర్సుల వారీగా బయటపెడుతున్నారు. చేరబోయేవారు వాటిని పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఒకే నమూనాలో ఏటా ప్రకటించే వివరాల్లో విద్యార్థి జీవితానికి ప్రత్యేక విభాగం ఉంటుంది. ఎంతమంది క్యాంపస్ హాస్టళ్లలో ఉంటున్నారు, ఏ ఏ కార్యకలాపాలు ఉన్నాయి అన్నది అందులో చూడవచ్చు. క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్క ఏటా బయటపెట్టాలని 1990లో అక్కడ చట్టమే చేశారు. ఎంఎస్‌కు అమెరికా వెళ్లే మన పిల్లలు ఈ వివరాలన్నీ చూసుకుని, సీనియర్లను అడిగి, రూమ్‌మేట్లను కూడా ముందే కుదుర్చుకుని విమానం ఎక్కుతున్నారు. అదే జాగ్రత్త పల్నాడు నుంచి విజయవాడ వెళ్లే అమ్మాయికి, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే అబ్బాయికి ఎందుకు అందకూడదు?

అందుకే రెండు మండళ్లనూ ఈ అయిదు పనులు చేయమని కోరుతున్నాను.

మొదటిది, వెబ్ ఆప్షన్ల పోర్టల్‌లో ప్రతి సంస్థ కోడ్ పక్కన ఒక పేజీ క్యాంపస్ జీవిత పత్రం పెట్టండి. అబ్బాయిలకు, అమ్మాయిలకు విడివిడిగా హాస్టల్ సీట్లు ఎన్ని, మొత్తం విద్యార్థులు ఎందరు, రోజూ బస్సులో వచ్చిపోయేవారు నూటికి ఎందరు, చివరి బస్సు ఎన్నింటికి, లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు, అమ్మాయిల హాస్టల్ గేటు వేళ ఎంత, ఫిజికల్ డైరెక్టర్ ఉన్నారా, కౌన్సెలర్ ఉన్నారా, ర్యాగింగ్ నిరోధక కమిటీకి కిందటేడు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కరించారు. అన్నీ తెలుగులో, ఒకే నమూనాలో ఉండాలి. అబద్ధం రాసిన సంస్థకు జరిమానా ఉండాలి.

రెండోది, ఏటా రెండో సంవత్సరం విద్యార్థులను సంస్థల ప్రమేయం లేకుండా, పేర్లు బయటికి రాకుండా సర్వే చేయించండి. ఇక్కడ నీకు స్నేహితులు దొరికారా, నీ పేరు తెలిసిన అధ్యాపకుడు ఉన్నాడా, సాయంత్రం నువ్వు ఏం చేస్తావు, తిరిగి ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటావా అని అడగండి. జవాబుల్ని ఉన్నవి ఉన్నట్టు బయట పెట్టండి.

మూడోది, బస్సుల మీద నడిచే ప్రతి సంస్థలో ప్రధాన రూట్లన్నిటికీ సాయంత్రం ఆరున్నరకు రెండో విడత బస్సు ఉండాలని అనుబంధ గుర్తింపు నిబంధనల్లో చేర్చేలా విశ్వవిద్యాలయాలకు సూచించండి. వారంలో రెండు రోజులైనా మధ్యాహ్నపు యాక్టివిటీ అవర్‌ను క్లాసులకు మళ్లించకుండా కాపాడండి. పెద్దగా ఖర్చు లేకుండా ఒక క్యాంపస్‌ను మార్చగలిగే పని ఇదే.

నాలుగోది, ర్యాంకులు వచ్చాక, ఆప్షన్లకు ముందు, ప్రతి సంస్థ ఒక మామూలు పనిదినం సాయంత్రం మూడు నుంచి ఏడు దాకా గేట్లు తెరిచి ఉంచాలి. అలంకరణలు, ఉపన్యాసాలు వద్దు. చేరబోయే పిల్లలు అక్కడి విద్యార్థులతో యాజమాన్యం పక్కన లేకుండా మాట్లాడుకోవాలి.

అయిదోది, విద్యార్థులకు తమ క్యాంపస్ మీద మాట చెల్లాలి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా విద్యార్థి సంఘాల ఎన్నికలు లేవు. హింస భయంతో ఆపామన్నారు. ఆ భయాన్ని దృష్టిలో పెట్టుకునే విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ 2006లో ఒక్కో అభ్యర్థి ఖర్చుకు అయిదు వేల రూపాయల పరిమితి, వయసు పరిమితి, హాజరు నిబంధన సూచించింది. ఆ పద్ధతిలో మొదలుపెట్టండి. మెస్ కూర గురించి, బస్సు వేళ గురించి, లైబ్రరీ దీపాల గురించి మాట్లాడే హక్కున్న ప్రతినిధి ఉంటే, మిగతా నాలుగు పనులనూ విద్యార్థులే కాపాడుకుంటారు.

ఈ లేఖ చదివే తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. మండళ్లు ఇవన్నీ చేసేదాకా మీరు ఆగనవసరం లేదు. చివరి రెండు పేర్లు మిగిలినప్పుడు ఒక రోజు కేటాయించి బిడ్డతో కలిసి రెండు చోట్లకూ వెళ్లండి. సాయంత్రం అయిదింటికి వెళ్లండి. రిసెప్షన్‌లో కాఫీ తాగి బ్రోచర్ తెచ్చుకోకుండా నోటీసు బోర్డు చూడండి, దాని మీద తేదీలు ఈ నెలవా, కిందటేటివా అని గమనించండి. లైబ్రరీలో కుర్చీలు నిండి ఉన్నాయా చూడండి. అమ్మాయిల బాత్రూమ్‌లు చూడండి. ఒక రెండో సంవత్సరం విద్యార్థిని పలకరించి, ఆదివారం ఏం చేస్తావమ్మా అని అడగండి. తడుముకోకుండా వచ్చే జవాబు ఏ ర్యాంకు పట్టికా చెప్పలేనిది చెబుతుంది. ఆ తర్వాత కోడ్‌లు కొట్టే ముందు బిడ్డ మాట ఒక్కసారి వినండి. అక్కడ బతకబోయేది ఆ బిడ్డే.

అధ్యక్షులకు మళ్లీ మనవి చేస్తున్నాను. కిందటేటి చివరి ర్యాంకును ప్రతి బ్రాంచ్‌కూ, ప్రతి కేటగిరీకీ లెక్కకట్టి పెట్టగలిగిన వ్యవస్థకు లైబ్రరీ మూసే వేళ రాయడం కష్టం కాదు. వచ్చే ప్రవేశాలకు ముందే, కనీసం ఆ మొదటి పత్రాన్నైనా పోర్టల్‌లో పెట్టించండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకురాలు